నాపరాళ్ళ మీద మెత్తని ప్రయాణం

మిరపకోతలు జోరందుకున్న ఆ ఉదయం పానకాలు వేసుకున్న పథకం చాలా చిన్నది. పికప్ బండి కడిగి, గురవమ్మ కూలీల ముఠాను పొలానికి చేర్చి, సాయంత్రం మళ్ళీ ఊరికి తేవడం. ముఠాలో అతని భార్య నాంచారమ్మ కూడా ఉంది. బండిలో ముందు సీటు ఆమెది.

బండి కడిగి రోడ్డెక్కేసరికి ముఠా అంతా ఊళ్ళో ఇంకో బండివాడు కరుణాకర్ పికప్‌లో కూర్చుని ఉంది. ముందు సీట్లో నాంచారమ్మ.

"ఏమే, ఇదేంది?"

"గురవమ్మత్త ఎక్కమంది, ఎక్కా."

మేస్త్రి గురవమ్మ వెనక నుంచి కేకేసింది. "కరుణాకర్ కొత్త షాకబ్జార్బర్లు ఏయించాడు అల్లుడూ! ఉయ్యాల్లో కూచున్నట్టుంది. నీ బండెక్కితే సాయంత్రానికి ఎవరి నడుము ఎవరిదో ఏరుకోవాలి."

కరుణాకర్ నవ్వుతూ హారన్ కొట్టాడు. నాంచారమ్మ చెయ్యి ఊపింది. బేరం పోతే రేపు వస్తుంది. కట్టుకున్నది ఇంకొకడి పక్క సీట్లోంచి చెయ్యి ఊపితే మాత్రం బస్తా మిరపకాయలు ఒక్కసారే నమిలినట్టుంటుంది.

మధ్యాహ్నానికల్లా పానకాలు సత్తెనపల్లిలో మెకానిక్ పీరు ముందు నిలబడ్డాడు.

"కరుణాకర్ బండికేశావే, వాటికంటే పెద్దవి ఎయ్యి."

"అవి ఫుల్ లోడు బండ్లకేసేవన్నా. ఖాళీగా తిప్పితే గిత్తలాగా ఎగురుద్ది."

"వాడివాటికంటే పెద్దవా, కాదా?"

"పెద్దవే."

"మరి ఎయ్యి!"

మర్నాడు బతిమాలి ముఠాను ఎక్కించుకున్నాడు. ఊరి చివర స్పీడ్ బ్రేకర్ దగ్గర బండి ఎగిరింది, ఆడవాళ్ళు ఎగిరారు, క్యారేజీలు అంతకంటే పైకెగిరాయి. గురవమ్మ తిరిగి కిందికి వచ్చేసరికి నెత్తి మీద గోంగూర పచ్చడి ఉంది. అందరూ దిగి, వెనకాలే వస్తున్న కరుణాకర్ బండెక్కారు. నాంచారమ్మ కూడా.

పానకాలు పీరుకు ఫోన్ చేశాడు.

"చెప్పా కదన్నా! టన్ను బరువు పడితే అదే వెన్నపూస."

రోడ్డు పక్క కొట్లో నాపరాళ్ళు కొని, బండి అడుగున వరసలుగా పేర్చి, పైన పట్టా కప్పాడు పానకాలు. నిజంగానే వెన్నపూస! గురవమ్మ సరిగ్గా స్పీడ్ బ్రేకర్ మీదే తమలపాకుకు సున్నం రాసుకుంది. నాంచారమ్మ ముందు సీట్లోకి తిరిగొచ్చింది. ఖాళీ బండిలో కరుణాకర్ ముఖం చూశాక, ఆ పూట పానకాలుకు రెండు ముద్దలు ఎక్కువే దిగాయి.

కొన్నాళ్ళు అలాగే సాగింది. ఒక పొద్దున టీ కొట్టు దగ్గర గురవమ్మ పట్టా ఎత్తి చూసింది.

"ఈ రాళ్ళెవరివి అల్లుడూ? రోజూ మాతోపాటు పొలానికొచ్చి మాతోపాటే ఇంటికొస్తన్నయ్యి."

పక్క బల్ల మీద కరుణాకర్ చెవులు రిక్కించాడు. అసలు సంగతి చెబితే పరువు దక్కదు. పానకాలు గొంతు పెంచాడు.

"తుళ్ళూరులో ఇల్లు కట్టిస్తున్నా!"

కరుణాకర్ గ్లాసులో టీ తొణికింది. దాన్ని చూసి మురిసిపోవడంలో, ముందు సీట్లో ఇంకో రెండు చెవులున్నాయని పానకాలుకు తట్టలేదు.

నాంచారమ్మ బండి దిగింది. "నాకు రేకుల షెడ్డు. తుళ్ళూరులో ఇల్లు ఎవతికి?"

"అది... చెబుతా..."

"చెప్పొద్దు. చూపించు."

"కోతలకి ఆలస్యమవుద్దే!"

"కాయలు రేపు కోస్తాం అల్లుడూ. ఇట్టాంటియ్యి రేపటిదాకా ఆగవు," అని గురవమ్మ అందరికంటే ముందెక్కి కూర్చుంది.

తుళ్ళూరు చేరేదాకా పానకాలు ఇంకో అబద్ధం కోసం వెతికాడు. దొరకలేదు. సగం కట్టిన మేడ ఒకటి కనబడితే, తలుపులే లేనిచోట మనుషులేం ఉంటార్లే అని బండి ఆపాడు. లోపలి నుంచి మంగళగిరి చీర కట్టుకున్న ఒకావిడ పరుగున వచ్చింది.

"వచ్చారా! ఎన్నాళ్ళండీ మీకోసం ఎదురుచూడటం? ఫోన్ చేస్తే ఎత్తరు!"

ఆవిడ ఎదురుచూస్తున్నది ఏదో కొట్టు నుంచి రావలసిన నాపరాళ్ళ కోసం. ఆ సంగతి పానకాలుకు అర్థమయ్యేలోపు అతని కాలర్ నాంచారమ్మ చేతిలో ఉంది.

"ఫోన్లు కూడానా!"

"నీకోసమేనే తల్లీ! నువ్వు వాడి బండెక్కావని కడుపు మండి షాకులేయించా. బండి ఎగురుతుందని రాళ్ళేశా. రాళ్ళెందుకన్నారని ఇల్లు కట్టా. కోటప్పకొండ సామి మీద ఒట్టు, ఈవిడెవరో నాకు తెలీదు!"

ముఠా పొట్టలు పట్టుకుని నవ్వింది. నాంచారమ్మ నవ్వలేదు. కాలర్ వదిలి, నలిగిన చొక్కా సర్దింది.

"నాకు నీ బండైనా ఒకటే, ఎడ్లబండైనా ఒకటే. నోరు తెరిచి అడిగి ఏడవొచ్చుగా! దించు ఆ రాళ్ళు."

మంగళగిరి చీరావిడ సంబరంగా దింపించుకుంది. తిరుగు ప్రయాణంలో బండి గుంత గుంతకీ ఎగిరింది. ఎగిరిన ప్రతిసారీ గురవమ్మ పానకాలు వంశంలో ఒక్కో తరాన్ని తలుచుకుంది.

మర్నాడు ముఠా మళ్ళీ కరుణాకర్ బండెక్కింది. స్పీడ్ బ్రేకర్ దగ్గర అది పానకాలు బండికంటే జానెడు ఎక్కువే ఎగిరింది. ముందురోజు తుళ్ళూరు ఇల్లు మాట విన్న కరుణాకర్ టీ కూడా పూర్తి చేయకుండా సత్తెనపల్లి వెళ్ళి, "పానకాలు బండికేశావే, వాటికంటే పెద్దవి ఎయ్యి" అని పీరును పట్టుకున్నాడట.

ఎండెక్కేవేళకు ఇద్దరూ కల్వర్టు మీద పక్కపక్కనే కూర్చున్నారు. కరుణాకర్ బండి కూడా దిగిపోయిన ముఠాను వేసుకుని, ఊళ్ళోని ప్రేమదాసు ట్రాక్టరు దడదడలాడుతూ వచ్చింది.

"కుదిపితే కుదిపింది, నేలమీద ఉంటది!" అని అరిచింది గురవమ్మ. ప్రేమదాసు పక్కన మడ్‌గార్డు మీద కూర్చున్న నాంచారమ్మ చెయ్యి ఊపింది.

దుమ్ము సర్దుకున్నాక కరుణాకర్ మెల్లగా అడిగాడు. "ఒరేయ్, వాడు ఏ షాకులేయించాడంటావ్?"

ఆ ట్రాక్టరు తొట్టికి పుట్టినప్పటి నుంచీ షాక్ అబ్జార్బర్లే లేవు.