మధ్య కోడలి పాలు

"ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా, పంపకాల దొరగారు స్వయంగా విచ్చేసి, పెద్దింటివారి ఆస్తిని వారసులకు పంచిపెట్టి, ఎవరి న్యాయం వాళ్ళ గుమ్మంలో దించి వెళ్తారహో!"

చాటింపు వేసేవాడు వీధి మొదట్లో ఎత్తుకుని, మధ్య కోడలి కొట్టు దగ్గరికి వచ్చేసరికి గొంతు పెంచాడు. ఆమె చేతిలో పేముబద్ద వదలకుండానే విన్నది. న్యాయం అంత దూరం నుంచి వస్తోందంటే కూర్చోవడానికి ఏదైనా ఉండాలి కదా అని, ఉన్న కుర్చీల్లో గట్టిదాన్ని తుడిచి పెట్టింది.

కొట్టు అంటే పెరటివైపు గది. మొగుడూ పెళ్ళాం అందులో పేము కుర్చీలు చేసేవారు. ఆయన చట్రం బిగిస్తే ఆమె అల్లేది. కిందటేడు జ్వరం వచ్చి ఆయన పోయాడు. ఆయన బిగించిన ఆఖరి చట్రం అల్లకుండా గోడవారనే ఉంది. ఆ వెనకే మామగారూ పోవడంతో బావగారికి ఇంటిమీద, మరిదికి తోటమీద మమకారం పుట్టింది. పెరటి గది మీద ఇద్దరికీ కలిపి పుట్టింది. ఆమెకు ఇల్లూ వద్దు, తోటా వద్దు. ఆ గది మాత్రం పోకూడదు. అది పోతే తిండి పోతుంది. ఆయన రెండోసారి పోతాడు.

దొరగారు సామాన్యులు కారు. తెలుగు పరీక్షలో బంగారు పతకం కొట్టినవారు. చంకలో తెలుగు నిఘంటువు లేకుండా స్నానానికి కూడా వెళ్ళరని ప్రతీతి. వచ్చీ రాగానే కుర్చీలో కూర్చుని, "దుబాసి మౌనముగా ఉండవలెను. ప్రజల మాటను ప్రజల నోటనే వినెదను," అని సెలవిచ్చారు.

దొరగారికి మాటలు తర్జుమా చేయడానికి వెంట వచ్చిన దుబాసి సంతోషంగా మౌనం వహించాడు. ఇదివరకటి దుబాసి ఒకసారి దొరగారి తెలుగును సవరించాడు. ఇప్పుడతను ఎక్కడో దీవిలో, లైట్‌హౌసుకు దుబాసిగా ఉన్నాడు. అక్కడ మాట్లాడేవాళ్ళెవరూ లేరు.

అన్నదమ్ములిద్దరూ వకీలు నేర్పినట్టు "భాగం" అన్నారు. ఆ మాట నిఘంటువులో దొరికింది. ఇల్లు అన్నకీ తోట తమ్ముడికీ వెళ్ళిపోయాయి. మధ్య కోడలికి వకీలు లేడు. ఇంట్లో మాట్లాడుకునే మాటే మాట్లాడింది.

"దొరగారూ, నా పాలు నాకు ఇప్పించండి. మా ఆయన పాలు వీళ్ళిద్దరూ తినేయాలని చూస్తున్నారు."

దొరగారు వేలెత్తారు. "అమ్మా, పాలు తినరు. తాగుదురు."

"తాగడం కాదండీ. మామగారు పోయే ముందు ముగ్గురికీ సమానంగా పాలు పెట్టే పోయారు."

"ప్రాణము పోవు వేళ కూడా పాలు!" దొరగారి కళ్ళు చెమర్చాయి.

దుబాసి ఆపుకోలేకపోయాడు. "దొరగారూ, ఈ పాలు ఆ పాలు కాదండి."

"మరి ఏ పాలు? మేకవా?"

దుబాసి కళ్ళ ముందు లైట్‌హౌసు వెలిగి ఆరింది. "ఆవువేనండి," అన్నాడు.

తీర్పు అక్కడికక్కడే వెలువడింది. మధ్య కోడలికి బతికినంతకాలం రోజుకు శేరు పాలు. అందుకు సర్కారు ఖర్చుతో ఒక పాడి ఆవు. ఆవుకు గాలీ వెలుతురూ కావాలి గనక పెరటి గది ఆవుకు.

"ధర్మప్రభువులు!" అన్నారు బావగారు.

"వదిన అదృష్టవంతురాలు," అన్నాడు మరిది.

ఆవు వచ్చింది, దూడతో సహా. వాటి వెనక పాల ఇన్‌స్పెక్టరు వచ్చాడు. పాలలో నీళ్ళు కలిశాయేమో ఆయన తాగి చూడాలి. ఆయన తాగాడో లేదో గుమాస్తా తాగి చూడాలి. ఆపైన బావగారి కాఫీ, మరిది రాత్రి గ్లాసు. ఇంత కట్టుదిట్టమైన ఏర్పాటు చుట్టుపక్కల ఏ శాఖలోనూ లేదు. మధ్య కోడలి దాకా చెంబు తప్పకుండా వచ్చేది, కడిగి పెట్టమని.

ఆమె ఇప్పుడు వసారాలో అల్లుతోంది. వాన వస్తే పని ఆగిపోతుంది. పేముకోసం గదిలోకి వెళ్ళినప్పుడల్లా దూడ కొంగు నమిలేది. గోడవారనున్న చట్రం జోలికి వెళ్ళకుండా దానికి ఇంత గడ్డి వేసి, మెడ నిమిరి వచ్చేది.

చివరికి మళ్ళీ అర్జీ పెట్టుకుంది. ఎంక్వైరీకి దొరగారు మళ్ళీ వేంచేశారు.

"ఈమె పాలు ఎవరు తాగిరి? ప్రమాణము చేసి చెప్పుడు!"

ఇన్‌స్పెక్టరు మీసం తుడుచుకుని, "ఒక్క చుక్క ముట్టలేదు సార్. దూడే తాగేస్తోంది," అన్నాడు.

"అవును సార్, దూడే," అన్నాడు గుమాస్తా.

"అబ్బో, దాని పొట్ట చూడండి," అన్నారు బావగారు.

"నా కళ్ళారా చూశానండీ," అన్నాడు మరిది.

మధ్య కోడలు దుబాసివైపు తిరిగింది. "అన్నయ్యగారూ, నేనేమడిగానో మీకు తెలుసు. మీరైనా చెప్పండి."

దుబాసి కళ్ళు మూసుకున్నాడు. "దొరగారూ, పాలంటే వాటా కూడానండి."

దొరగారు నిఘంటువు తీశారు. "పాలు" అన్న మాటకు రెండో అర్థం తర్వాతి పేజీలో ఉంది. అచ్చులో పక్క పేజీతో కలిసిపోయి వచ్చిన ఆ పేజీ అంచు ఇంకా కోయలేదు. దొరగారు చాకు అడిగి కోసి, చదివి, గొంతు సవరించుకున్నారు.

"సర్కారు పొరపడదు. తీర్పు సరియైనదే. ఈమె పాలు, అనగా వాటా, ఎవరికి చేరినదో మీరందరూ ప్రమాణము చేసి చెప్పితిరి. వారసత్వము దూడది!"

మరిది ఒక్క గంతు వేశాడు. "దొరగారూ, అది పెయ్య! ఆడదానికి పాలేమిటండీ?"

దొరగారు ఈసారి నిఘంటువు తెరవలేదు. "పాలు ఆడదానివి కాక, మగవానివా?"

మరిది వెనక్కి తగ్గాడు. దొరగారు కలం తీశారు.

"వారసురాలు మైనరు. గార్డియన్ కావలెను. దగ్గరి బంధువు ఎవరు?"

"నేను పెదనాన్నని!" అన్నారు బావగారు.

"నేను బాబాయినండీ! నా చేతుల మీద పెరిగింది," అన్నాడు మరిది.

మైనరుగారినే అడుగుదామని అందరూ గదిలోకి నడిచారు. పెదనాన్న గడ్డి చూపించారు. బాబాయి బెల్లం చూపించాడు. మైనరుగారు ఎవరినీ పట్టించుకోలేదు. అందరి వెనకా మధ్య కోడలు వచ్చి గుమ్మంలో నిలబడగానే తల ఎత్తి, "అంబా!" అంది.

దొరగారు గబగబా పేజీలు తిప్పారు. "అంబ. తల్లి!" అని చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "బిడ్డ తల్లిని గుర్తించినది. గార్డియన్ ఈమెయే."

దేశభాషలో న్యాయం చెప్పినందుకు దొరగారికి ప్రమోషన్ వచ్చింది. దుబాసికి లైట్‌హౌసు వచ్చింది. అక్కడ ఇప్పుడు ఇద్దరు దుబాసీలున్నారు గనక మాట్లాడుకోవడానికి ఇబ్బంది లేదట.

మధ్య కోడలు వసారాలోంచి గదిలోకి మారింది. గోడవారనున్న చట్రాన్ని కిటికీ దగ్గరికి జరుపుకుని అల్లడం మొదలుపెట్టింది. సర్కారువారి మైనరు ఉన్న గది గనక బావగారు చెప్పులు బయటే విడిచి, గుమ్మంలో నిలబడి పలకరిస్తారు.

"అమ్మాయిగారికి పాలు సరిపోతున్నాయా అమ్మా?"

ఆమె అల్లిక మీంచి తల ఎత్తలేదు.

"సరిపోతున్నాయి బావగారూ. కాకపోతే పెరిగే పిల్ల కదా. నిన్నట్నుంచి తోటవైపు చూస్తోంది."