రుజువుగారి కారుకి అలారం

ఆ సోమవారం ఉదయం రుజువుగారి పథకం చాలా చిన్నది. ఎనిమిదిన్నరకి పరీక్ష మొదలుపెట్టాలి, పావుగంటలో ముగించాలి, తొమ్మిదికల్లా కారు తాళంచెవి భార్య చేతిలో పెట్టాలి. ఆయన అసలు పేరు వేరే ఉంది. హెల్మెట్ల మీద ఇనపగుండ్లు పడేసి, పగులుతాయో లేదో చూసే ప్రయోగశాలలో పద్దెనిమిదేళ్ళు పనిచేశాక, ఎవరు చెప్పినా నమ్మని మనిషైపోయి, తోటివాళ్ళ చేత ఆ పేరు పెట్టించుకున్నాడు. గొడుగు కొంటే షవరు కింద నిలబడి చూశాకే బిల్లు దాచుకునే రకం.

కారుకి అలారం పెట్టించాలా వద్దా అన్నది ఆ ఇంట్లో మూడు వారాలుగా నలుగుతోంది. కారు చిన్నది, పాతది. నలుగురెక్కితే చేతిసంచికి కూడా చోటుండదు. అయినా ఇప్పుడు ఇల్లంతా దాని మీదే ఆధారపడి ఉంది. పాప పుట్టాక ఆరేళ్ళు ఇంటికే అంకితమైన భార్యకి, నది అవతల పిల్లల ఆసుపత్రి మందుల విభాగంలో ఉద్యోగం వచ్చింది. అటువైపు బస్సుల్లేవు. ఈ సోమవారం పదింటికల్లా వచ్చి చేరకపోతే జాబితాలో తరువాతి మనిషిని పిలుస్తామని ఉత్తర్వులోనే రాశారు. పక్కవీధిలో చూస్తే నెలలో రెండు కార్లు మాయమయ్యాయి.

"నా ఉద్యోగం ఆ నాలుగు చక్రాల మీదే ఉందండీ. అలారం పెట్టించండి," అని ఆమె ఒక్కసారే చెప్పింది. మళ్ళీ అడగలేదు. అదే రుజువుగారిని ఎక్కువ కంగారుపెట్టింది.

ఆయన అనుమానమల్లా ఒక్కటే. అలారం మోగుతుంది, కాదనడు. మోగితే ఎవరైనా వస్తారా? ఎలక్ట్రీషియన్ని అడిగితే, విసుగొచ్చి ఒక సైరన్ పెట్టె, దానికో చిన్న రిమోటు ఇచ్చి, కావాలంటే మీరే చూసుకోండన్నాడు. ఆ మాటే కొంప ముంచింది.

దొంగ వేషానికి బావమరిది దొరికాడు. అతను కళ్ళజోళ్ళు అమ్ముతాడు. శనివారం వచ్చి సోమవారం వెళతాడు. ఆదివారాలు అక్క కారు కడిగిపెడతాడు. అడిగినవాడికి కాదని చెప్పడం అతని ఒంట్లో లేదు. అలాంటివాణ్ణి దొంగగా నిలబెట్టి, ఎవరేమడిగినా ఇది పరీక్ష అని చెప్పొద్దని, చెబితే ఫలితం పాడైపోతుందని రుజువుగారు ఒట్టు వేయించుకున్నాడు. అవసరం పడితే ఉంటుందని రెండో తాళంచెవి అతని జేబులో వేశాడు. పైన బట్టలు ఇస్త్రీ చేసుకుంటున్న భార్యకి ఇదేదీ తెలియదు. ఫలితం తేలాక చెబుదామని ఆయన ఉద్దేశం.

ఎనిమిదిన్నర అయింది. మెట్లగది కిటికీలోంచి రుజువుగారు రిమోటు నొక్కాడు. కారులో పెట్టిన సైరన్ వీధంతా వినబడేలా అరిచింది. బావమరిది కారు తలుపు పట్టుకుని లాగుతూ, చేతనైనంత దొంగలా నిలబడ్డాడు. ఆయన కాగితం మీద సమయం వేసి "ఎవరూ చూడలేదు" అని రాశాడు.

రెండో నిమిషంలో కింద వాటాలోంచి పెద్ద టీచరు బయటికి వచ్చింది. రిటైరై పన్నెండేళ్ళయినా ఆవిడ వస్తుంటే వీధి సర్దుకుని నిలబడుతుంది. తాళం పోగొట్టుకున్నావా నాయనా అని అడిగింది. అవునంటే అబద్ధం, కాదంటే ఒట్టు పోతుంది. పాపం అతను నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వు చూసి ఆవిడకి జాలేసి ఎదురు దుకాణంలోని టైలర్ని కేకేసింది. టైలరు పొడుగాటి స్టీలు స్కేలు తెచ్చి, కిటికీ సందులో దూర్చి, కాజా తీసినంత సులువుగా తలుపు తెరిచేశాడు. కాగితం మీద "తలుపు తెరిచారు" అని గబగబా రాశాడు రుజువుగారు. ఆ తొందరలో సైరన్ ఆపాలన్న సంగతి మరిచిపోయాడు.

ఇంతలో వెనక ఒక లారీ వచ్చి ఆగింది. ఇరుకు వీధి, కారు తీస్తేగాని దారి లేదు. బావమరిది కంగారులో జేబు తడుముకుంటే తాళంచెవి బయటపడింది. జేబులోనే పెట్టుకుని ఊరంతా వెతుకుతున్నావా అని అందరూ నవ్వి, అతణ్ణి సీట్లో కూర్చోబెట్టి, తలుపు వేసి, పదపదమన్నారు. ఇంతమంది పొమ్మన్నాక అతను పోకుండా ఎలా ఉంటాడు? సైరన్ మోగించుకుంటూ మలుపు తిరిగిపోయాడు. అతని ఫోనేమో పైన చార్జింగులో ఉంది.

రుజువుగారు రబ్బరు చెప్పులతో మూడంతస్తులూ దిగివచ్చి, నా కారు, నా కారు అంటూ పరుగెత్తాడు. టైలరు కాలరు పట్టుకున్నాడు. ఈ ముఖం ఆ వీధిలో ఎవరూ చూసింది కాదు. ఆయన తొమ్మిదేళ్ళుగా అక్కడే ఉంటున్నా, పొద్దున్నే వెనక గేటులోంచి వెళ్ళి, చీకటిపడ్డాక అందులోంచే వచ్చేవాడు. వీధి లెక్కలో ఆ కారు కళ్ళజోళ్ళ అబ్బాయిది. మూడో అంతస్తు అమ్మాయి భర్త ఎక్కడో దూరాన ఉద్యోగం చేస్తుంటాడు.

పెద్ద టీచరు ఆయన చేతిలో కాగితం లాక్కుని, తరగతిలో చదివినట్టు పైకి చదివింది. "ఎనిమిదీ ముప్పై: ఎవరూ చూడలేదు. ఎనిమిదీ ముప్పై అయిదు: తలుపు తెరిచారు." ఆ తరువాత వీధికి ఇంకేం రుజువు కావాలి? టైలరు రెండో చెయ్యి కూడా కాలరు మీద వేశాడు.

ఆయన చెప్పిందంతా విని, ఆవిడ, గోలకి భార్య వచ్చి నిలబడ్డ బాల్కనీ వైపు తలెత్తింది.

"అమ్మాయ్, ఈయన నీ భర్తనంటున్నాడు. నిజమేనా?"

ఆమె కిందికి చూసింది. పట్టుబడ్డ మొగుడు, చేతిలో రిమోటు, కారుండాల్సిన చోట ఖాళీ. తొమ్మిది దాటింది. పద్దెనిమిదేళ్ళ ఉద్యోగం ఆ మనిషి చేత ఏం చేయించి ఉంటుందో ఆమెకి అర్థమైపోయింది.

"నిజమేనండీ. కానీ కాసేపు అక్కడే ఉంచండి," అంది.

ఆయన్ని టైలరు స్టూలు మీద కూర్చోబెట్టారు. ఆమె సర్టిఫికెట్ల ఫైలు పట్టుకుని కిందికి వచ్చి, మలుపు వైపు చూస్తూ నిలబడింది. ఆయన రిమోటు నొక్కుతూ కూర్చున్నాడు. ఆ సైరన్ కాసేపు మోగి దానంతటదే ఆగే రకం, దూరం ఎక్కువైతే రిమోటుకి పలకదు, పలికిందంటే కారు దగ్గరికి వచ్చినట్టే. ఈలోగా చుట్టూ మాటలు చెవిన పడ్డాయి. ఆమెకి ఇంటర్వ్యూకి ముందు నాలుగు రోజులు ప్రశ్నలడిగి సాధన చేయించింది పెద్ద టీచరట. ఆమె ఈవేళ వేసుకున్న తెల్లకోటు ఆదివారం దుకాణం తెరిచి మరీ కుట్టింది ఈ టైలరేనట. ఈ సోమవారం ఏమిటో వీధంతటికీ తెలుసు. ఇంట్లో ఉన్న తను మాత్రం దాన్ని పరీక్షకి వాడుకున్నాడు. రుజువుగారికి సిగ్గేసింది. దొంగగా పట్టుబడ్డప్పుడు కూడా అంత సిగ్గు పడలేదు.

"తప్పైపోయింది. నువ్వు చెప్పినప్పుడే పెట్టించాల్సింది," అన్నాడు నెమ్మదిగా.

"ముందు కారు రానివ్వండి," అందామె.

తొమ్మిదీ పాతికకి, ఎన్నోసారో తెలియని నొక్కుడుకి, మలుపు అవతల సైరన్ అరిచింది. ఎటు తిరిగినా వన్‌వేలే తగిలి సగం ఊరు చుట్టొచ్చాడట బావమరిది. పెద్ద టీచరు వీధి మధ్యకి వెళ్ళి వచ్చే బళ్ళన్నీ ఆపింది. అక్క ఎక్కింది, తమ్ముడు దిగాడు, కారు వెళ్ళిపోయింది. పది కావడానికి నాలుగు నిమిషాలుండగా సంతకం పెట్టానని కబురొచ్చేదాకా ఎవరూ ఇళ్ళలోకి పోలేదు.

సాయంత్రం ఎలక్ట్రీషియన్ వచ్చి, ఏం తేల్చారని అడిగాడు. మోత బాగానే ఉందని, జనమూ బాగానే వస్తారని, అయితే ఎవరికి సాయం చెయ్యాలో వాళ్ళకి తెలియాలని చెప్పి రుజువుగారు పెట్టె తిరిగి ఇచ్చేశాడు. వీధంతా కాపలా ఉంటే పెట్టె ఎందుకని భార్యా కాదనలేదు. ఆ పూటే ఆయన చొక్కా మార్చుకుని ఒక్కొక్క తలుపే తట్టి, తొమ్మిదేళ్ళు ఆలస్యంగా తనెవరో చెప్పుకున్నాడు. కారు తన భార్యదని కూడా గట్టిగా చెప్పాడు.

ఆదివారం ఆయన స్వయంగా బకెట్టు పట్టుకుని దిగి, కారు తలుపు మీద చెయ్యి వేశాడు. అరనిమిషంలో పెద్ద టీచరు గుమ్మంలో ఉంది. ఎదురుగా టైలరు మిషను ఆపాడు.

"నేనేనండీ, మూడో అంతస్తు," అన్నాడు రుజువుగారు.

"తెలుసయ్యా. కారు ముట్టుకుంటున్నట్టు అమ్మాయికి తెలుసా?"

ఆయన బకెట్టు అక్కడే దించి, అనుమతి అడిగి రావడానికి పైకి వెళ్ళాడు.