నాచు నమూనా వాపసు

సముద్రపు నాచు నివారణకు ప్రభుత్వం ప్రత్యేక కార్యాలయం నెలకొల్పి, దానికోసం సికింద్రాబాదు మారేడ్‌పల్లిలో మేడ అద్దెకు తీసుకున్న సంగతి పాఠకులకు తెలిసే ఉంటుంది. సముద్రం మూడువందల కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్నందున ఉప్పుగాలికి ఫైళ్లు పాడయ్యే భయం లేదు.

సీనియర్ అసిస్టెంటు జకర్యాది కోస్తా. ఆ కార్యాలయంలో సముద్రాన్ని చూసినవాడు ఆయనొక్కడే కాబట్టి, పక్షపాతం ఉంటుందని ఆయన అభిప్రాయం ఎవరూ అడిగేవారు కాదు. ముప్పైమూడేళ్ల సర్వీసులో కాగితం మీద ఒక్క అబద్ధం రాసి ఎరగడు. ఇంకో ఏడాదిలో రిటైరవుతాడు.

ఆయన అక్క రోసమ్మ ఊరి తీరానికి ఎక్కడినుంచో కొత్తరకం నాచు కొట్టుకొచ్చింది. వలల్లో చేపలకు బదులు అదే పడింది. తెగిన ప్రతి ముక్కా మళ్లీ మొలిచింది. అర్జీ అందగానే డైరెక్టర్ జోగారావు గారు, నాచును ప్రాణంతో చూడనిదే చర్య తీసుకోలేమని సెలవిచ్చారు. బిందెడు నమూనా వచ్చింది. ఆ సరికి ఆయన క్యాంపుకు వెళ్లారు. నాలుగు నెలలు దాన్ని బతికించే బాధ్యత జకర్యా మీద పడింది. మేడమీద తొట్టి కట్టించి, ఉప్పు కలిపి, కన్నబిడ్డలా సాకాడు. తొట్టి నిండింది. క్యాంపునుంచి వచ్చిన జోగారావు గారు తిలకించి, "పచ్చదనాన్ని ఇంతగా పెంపొందించిన కార్యాలయం రాష్ట్రంలో మరొకటి లేదు" అని ఉపన్యసించారు.

ఈలోగా రోసమ్మా, మరో ముప్పైమంది ఆడవాళ్లూ నడుంలోతు నీళ్లలో నిలబడి నాచంతా పీకి ఎండబెట్టేశారు. ఇక ఫైలు మూసేయవచ్చు. అయితే నిబంధన ప్రకారం నమూనాను తీసుకున్నచోటే, యథాస్థితిలో వాపసు చేయాలి.

"గంటసేపు ఎండల పెట్టుండ్రి సార్, ఖతమైతది. వాపసిచ్చినమని రాయుండ్రి. గింత దానికి పరేషాన్ ఎందుకు?" అన్నాడు అటెండరు నాసర్.

జకర్యా అతనివైపు జాలిగా చూసి, రెండు డ్రమ్ముల నాచుతో రైలెక్కాడు. వచ్చింది బిందెడే అయినా, పెరిగినదాన్ని అట్టేపెట్టుకోవడం దుర్వినియోగం కిందికి వస్తుంది.

రోసమ్మ ఒడ్డునే అడ్డం నిలబడింది. "ఇసకలో పారబొయ్యిరా తమ్ముడూ. పీకి పీకి మా చేతులు పుళ్లయిపోయాయి."

"సాక్షి సంతకం కూడా కావాలక్కా. ఇన్నేళ్ల తర్వాత నా చేత అబద్ధం రాయిస్తావా?"

ఆమె తమ్ముడి మొహం చూసింది. మచ్చలేని మనిషి అని ఊరంతా చెప్పుకునే తమ్ముడు. చివరికి కళ్లు తుడుచుకుని సంతకం పెట్టింది. అక్క చేతుల మీది పుళ్లు జకర్యా కంటపడ్డాయి. అయినా డ్రమ్ములు వంచాడు.

మరుసటి ఏడాది తీరం మళ్లీ పచ్చబడింది. పడవలు ఒడ్డెక్కాయి. అర్జీ పెడితే, రికార్డు ప్రకారం అక్కడ నాచు లేదని జవాబొచ్చింది. నాచును సమూలంగా నిర్మూలించినందుకు జకర్యాకు రిటైర్మెంటు సభలో శాలువా కప్పారు. పేపర్లో ఫోటో పడింది.

రోసమ్మ ఆ ఫోటో కత్తిరించి పటం కట్టించి, పనిలేని వల వేలాడుతున్న మేకుకే తగిలించింది. వేట లేక ఇంటిపట్టునే ఉన్న ఊరంతా వచ్చి చూసింది. ఉద్యోగం చేస్తే ఇలా చెయ్యాలని పిల్లలకు చూపించి చెప్పింది.