మందు వేరు, వేరు వేరు!

మొక్కలు ఎవరికీ హాని చేయవు! చేస్తాయన్నవాడు మొక్కలకు పుట్టుశత్రువు. మరి దురదగొండి సంగతేమిటని అడిగే ఆకతాయిలకు నేను జవాబు చెప్పను.

మా బావగారినే చూడండి. డ్రైవింగ్ స్కూల్లో మాస్టారు. రోజంతా "క్లచ్! బ్రేక్!" అని అరిచి గొంతు బొంగురుపోతే, ఎవరో అతిమధురం వేరు నమలమన్నారు. గొంతు నిజంగానే తేరుకుంది. ఇంకేం! పొద్దున కషాయం, మధ్యాహ్నం పొడి, కారులో ఉన్నంతసేపూ బుగ్గన వేరు.

ఆ తర్వాతే ఆయన బీపీ పైకెక్కింది. కాళ్ళు ఉబ్బాయి. గుండె దడ సరేసరి. కొత్తవాళ్ళ చేతికి స్టీరింగ్ ఇచ్చి పక్కన కూర్చునేవాడికి దడ రాక ఏమొస్తుంది? తప్పంతా బీపీ మిషన్‌దే అని మిషన్ మార్చారు. కొత్తదీ అదే కూత కూసింది! చివరికి మా అక్క ఉప్పుడబ్బా దాచేసింది. ఆ ఇంట్లోనే భోంచేసే నేను కూడా చప్పిడి కూరలు మింగాను.

డాక్టరమ్మ ఇచ్చిన బీపీ బిళ్ళ వేసుకుంటున్నా బీపీ దిగలేదు. అక్కకు భయం పట్టుకుంది. ఆయన్ని మళ్ళీ ఆవిడ దగ్గరికే లాక్కెళ్ళింది. తోడుగా నేనూ వెళ్ళాను.

"నేనిచ్చిన బిళ్ళ కాక ఇంకేదైనా మందు తీసుకుంటున్నారా?" అందావిడ.

"ఛఛ! మా ఇంటావంటా ఆ అలవాటు లేదండీ!"

"ఆ మందు కాదు మాస్టారూ. ఆకులూ, వేర్లూ, పొడులూ..."

"అవి మందులెలా అవుతాయండీ? మందు వేరు, వేరు వేరు!"

"మరి ఆ బుగ్గలో ఏముంది?"

చెప్పక తప్పలేదు. ఆవిడ ముఖంలో నవ్వు పోయింది. "ఇలా తింటే బీపీ పెరుగుతుందండీ. ఒంట్లో పొటాషియం పడిపోయి గుండె లయ తప్పొచ్చు. పేరులోనే 'అతి' ఉంది, చూసుకోవద్దూ?"

"ఉమ్మేయండి ముందు!" అంది అక్క. బావగారు బుద్ధిగా ఉమ్మేశారు.

కొన్ని వారాలకు బీపీ దిగింది. మా అందరికీ ప్రాణం లేచొచ్చింది. బావగారు మాత్రం పట్టు వదల్లేదు.

"చూశావటోయ్! మానేస్తేనే ఇంత గుణమిచ్చిందంటే, అదెంత గొప్ప వేరో!"

నిజమేనండీ. ఒంట్లో ఇంత పనిచేసేదాన్ని మందే అంటారనీ, అడక్కముందే డాక్టరుకు చెప్పాలనీ ఆయనతో మాత్రం నేను అనను. మళ్ళీ ఆ ఇంటి ఉప్పు తింటున్నవాణ్ణి మరి!