ఎర్రలైటు పెరుగు

జులై పంతొమ్మిది, శనివారం. ఆ పొద్దున బీరయ్య తిన్నది రెండు జొన్నరొట్టెలు, ఉల్లిగడ్డ, తన కొట్టులోని గడ్డపెరుగు. తేదీ ఎందుకు గుర్తుందంటే, మర్నాడే లాల్‌దర్వాజా బోనాలు. వచ్చే జనానికి పెట్టే పెరుగన్నానికి పెరుగంతా అతన్నే ఇమ్మని కమిటీ మొదటిసారి చెప్పింది. పాలు కాచి, చల్లార్చి, సాయంత్రానికి తోడు వెయ్యాలి. అంతే పని.

అంతలో పై వాటాలో అద్దెకుండే జగన్నాథరావు దిగి వచ్చాడు. గుంటూరు నుంచి ఉద్యోగానికొచ్చి ఇక్కడే రిటైరైన ఆఫీసరు. కొన్నాళ్లుగా కడుపు ఆయన మాట వినడం లేదు. చేతిలో సెల్‌ఫోనంత డబ్బా, కాగితపు పట్టీల పొట్లం. కూతురు హరిప్రియ పనిచేసే ల్యాబ్‌లో తయారైన బయోసెన్సర్ అది. పట్టీని ఆహారంలోనో నీళ్లలోనో ముంచి డబ్బాలో దూరిస్తే, విరేచనాలు పట్టించే క్రిమి ఉంటే ఎర్రలైటు, లేకుంటే పచ్చలైటు.

పట్టీని పెరుగులో ముంచాడు. ఎర్రలైటు.

"అనుకుంటూనే ఉన్నానోయ్ బీరయ్యా. నా కడుపు పాడుచేసింది నీ పెరుగే."

"పొద్దుగాల నేను తిన్నది గీ పెరుగే సార్. నాకేమైంది?"

"నీకు అలవాటై ఉంటుంది."

బీరయ్య చెవులు వేడెక్కాయి. పెరుక్కి వచ్చినవాళ్లు గిన్నెలు వెనక్కి తీసుకున్నారు. కబురు విని కమిటీ గోవర్ధన్ వచ్చాడు. స్కూటర్ దిగకుండానే చెప్పేశాడు.

"అన్నా, జాతరల జనం కడుపు పట్టుకుంటే నా ఇజ్జత్ పోతది. ఆర్డర్ క్యాన్సల్."

"నాదొక్కటే ఎందుకు, గల్లీల అందరియి చూడుండ్రి," అని బీరయ్య గరిటె విసిరికొట్టాడు. "సార్, మీ డబ్బా తేండ్రి. బాలరాజ్ చట్నీ చూద్దాం."

ఎదుటి టిఫిన్ బండి బాలరాజ్ చట్నీకీ ఎర్రలైటే.

"నువ్వు మునిగితే మునుగు, నన్నెందుకు గుంజుతున్నవ్ బే?" అని బాలరాజ్ అట్లకాడతో మీదికొచ్చాడు.

గల్లీ అంతా లొల్లి. బీరయ్య భార్య రుక్మాబాయి మధ్యలోకొచ్చి భర్తకొకటి, బాలరాజ్‌కొకటి మజ్జిగ గ్లాసు అందించింది. తాగుతున్నంతసేపూ ఇద్దరూ తిట్టుకోలేదు.

చివరికి గోవర్ధన్ తన నీళ్ల బాటిల్ సీలు తీసి చాపాడు. దానికీ ఎర్రలైటే.

"సీల్ బాటిల్ గూడ పాడైందా? ఏంది సార్, మా బోనాలు చెడగొట్టనీకి వచ్చిండ్రా?"

ఇప్పుడు గల్లీ కోపమంతా జగన్నాథరావు వైపు తిరిగింది. ఆయన కూతురికి ఫోన్ చేశాడు.

హరిప్రియ వస్తూనే పట్టీలు చేతిలోకి తీసుకుంది. "నాన్నా, ఇవి తడిసి ఆరినట్టున్నాయేంటి?"

జవాబు పైనుంచి వచ్చింది. జగన్నాథరావు భార్య సీతారావమ్మ మెట్ల మీద నిలబడి ఉంది. "తినేవాటిలో ముంచేవి కదమ్మా, కడక్కుండా ఎలా ఇస్తాను? పూజచెంబులో నీళ్లతో కడిగి ఆరబెట్టాను."

హరిప్రియ సంచిలోంచి కొత్త పొట్లం విప్పింది. పెరుగుకు పచ్చలైటు. చట్నీకి, బాటిల్‌కి పచ్చలైటే. పూజచెంబుకు ఎర్రలైటు.

"అమ్మా, ఈ నీళ్లు ఎప్పటివి?"

"తొలి ఏకాదశివి. కాశీ తీర్థం కలిపాను, పారబొయ్యకూడదని తగ్గినప్పుడల్లా పైన నీళ్లు పోస్తున్నాను. నేను నెత్తిన చల్లుకుంటాను. మీ నాన్నకు రోజూ పరగడుపున మూడు చెంచాలు పోస్తున్నాను."

జగన్నాథరావు చెయ్యి దానంతటదే కడుపు మీదికి వెళ్లింది.

"పెరుగు తయారుంచన్నా," అంటూ గోవర్ధన్ స్కూటర్ తిప్పుకున్నాడు.

బీరయ్య కోపం మాత్రం తగ్గలేదు. పాలకు తోడు వేస్తున్నంతసేపూ సారును అనాల్సిన మాటలు ఒక్కొక్కటే కూడబెట్టుకున్నాడు. కొట్టు కట్టేసే వేళకు ఆయనే దిగి వచ్చాడు. ముఖం పీక్కుపోయి ఉంది. స్టీలు గిన్నె చాపాడు గానీ తలెత్తలేదు.

బీరయ్య నోరు తెరిచాడు. తర్వాత గిన్నె అందుకుని నిండా పెరుగు వేశాడు. "కడుపు బాగయ్యేదాక పెరుగన్నమే తినుండ్రి సార్. కారం వద్దు."

ఆయన మెట్లెక్కి వెళ్లాక రుక్మాబాయి అడిగింది. "సారును దులిపేస్తనన్నవు గద?"

"పాలు తోడుకుంటున్నయి. లొల్లి చేస్తే గడ్డ కట్టవు," అని బీరయ్య తలుపు చప్పుడు కాకుండా మూశాడు.