పగడానికి సెలైన్

1996 నవంబరులో ఒక శుక్రవారం ఉదయం వేణుగోపాలరావు పెసరట్టు తిని, చెయ్యి కడుక్కుని, పై అంతస్తు తాళంచెవి తీసుకున్నాడు. పది నిమిషాల్లో చేపల తొట్టి అద్దం తుడిచి వస్తానని, తర్వాత కూరగాయలకు వెళదామని భార్య ఇందిరాదేవికి చెప్పాడు. దోహాలో, అల్ హిలాల్‌లో వాళ్ళుండే భవనంలో పై వాటా బుర్హానుద్దీన్‌ది. ఆయన భార్య మాబున్నీసాకి హైదరాబాదులో గుండె ఆపరేషన్ జరిగింది. ఆమెను తీసుకురావడానికి వెళుతూ ఆయన ఇంటి తాళం రావుకి అప్పగించి అప్పటికి రెండు వారాలు.

ఆ ఇంటి హాల్లో నాలుగడుగుల గాజు తొట్టి ఉంది. అందులో సముద్రపు నీళ్ళు, రాళ్ళు, నారింజ రంగు చేపలు రెండు, నడుమ పెద్ద పుట్టగొడుగు ఆకారంలో ఒక పగడం. దాని ఒంటినిండా సన్నటి వేళ్ళు లేచి నీటిలో మెల్లగా కదులుతుండేవి. మాబున్నీసా ఆరేళ్ళుగా దాన్ని బిడ్డలా సాకుతోంది. బుర్హానుద్దీన్ వెళ్ళేముందు ఒకటికి రెండుసార్లు చెప్పాడు.

"రావ్ సాబ్, నీళ్ళు తగ్గితే మంచినీళ్ళు పొయ్యండి. పొద్దున ఒక్క చిటికెడు మేత వెయ్యండి. ఇంకేం చెయ్యొద్దు. కుచ్ నై కర్నా. మా బేగమ్ మరీ మరీ చెప్పమంది."

వేణుగోపాలరావు ఉప్పునీటిని మంచినీరు చేసే ప్లాంటులో కెమిస్టు. పద్దెనిమిదేళ్ళుగా ఒక ఊరు తాగే నీటికి ఆయన సంతకమే పూచీ. అలాంటి మనిషికి రెండు వందల లీటర్ల నీళ్ళు అప్పగించి, ఏమీ చెయ్యొద్దనడం ఆయనకు ఎక్కడో గుచ్చుకుంది. అయినా రెండు వారాలు మాట నిలబెట్టుకున్నాడు.

ఆ శుక్రవారం మాత్రం ఆగలేకపోయాడు. రాళ్ళ మీద జుట్టులాంటి పచ్చటి పాచి బెత్తెడు పెరిగి ఉంది. అద్దం తుడిచాక ఒక పాత పళ్ళ బ్రష్ తెచ్చి రాళ్ళు కూడా తోమాడు. పాచి పోగులు పోగులుగా తెగి నీళ్ళంతా పరుచుకుంది, పగడం మీద పడింది. మధ్యాహ్నానికి పగడం తన వేళ్ళన్నీ లోపలికి లాక్కుని ముద్దలా ముడుచుకుంది. కూరగాయల ప్రయాణం ఆగిపోయింది.

ఆదివారానికి కూడా అది విచ్చుకోలేదు. పైగా ఒళ్ళంతా పాలిపోయి, జిగురు పూసినట్టు మెరవసాగింది. రావు ప్లాంటు ల్యాబు నుంచి మందు సీసాలు తెచ్చి నీటిని పరీక్ష చేశాడు. పీహెచ్ ఎనిమిదీ పాయింట్ రెండు ఉండవలసింది ఏడూ పాయింట్ ఎనిమిదికి దిగింది. కాల్షియం కూడా తగ్గింది.

"దీనికి సున్నం చాలడం లేదు" అని తేల్చాడు భార్యతో.

"ఏమీ చెయ్యొద్దన్నారు కదండీ!"

"మనిషి మునిగిపోతుంటే ఒడ్డున కూర్చుంటామా?"

ఇందిరాదేవి తల్లి రామసుబ్బమ్మ విజిట్ వీసా మీద నెల్లూరు నుంచి వచ్చి నెల దాటింది. తాంబూలం లేనిదే ఆమెకు పొద్దు గడవదు. ఖతార్‌లో దొరకదేమోనని డబ్బా నిండా సున్నం వెంట తెచ్చుకుంది. అల్లుడు అడగగానే డబ్బా ముందుకు జరిపింది.

"తీసుకో నాయనా. ఎక్కువైతే నోరు పొక్కుద్ది, చూసుకో."

సున్నం నీళ్ళలో కలిపి, తేరుకున్నాక పైతేట వంచుకోవాలి. ఆ తేటను తొట్టిలోకి చుక్కచుక్కగా, గంటల తరబడి వదలాలి. ఒక్కసారి పోస్తే పీహెచ్ ఎగిరిపోయి చేపలు చస్తాయి. ఈ సంగతి రావుకి బాగా తెలుసు. చుక్కలు సమంగా పడాలంటే సెలైన్ గొట్టానికి మించినది లేదని బుధవారం ప్లాంటు క్లినిక్‌కి వెళ్ళాడు. అక్కడ కాంపౌండరు దిల్షాద్, నిజామాబాదు వాడు.

"ఎవ్వరికి సార్?"

"ఇంట్లోనే. ఐదు రోజుల నుంచి ముడుచుకుపోయి పడుంది. చుక్కచుక్కగా ఎక్కించాలి."

"అయ్యో! దవాఖానకు తీస్కపోరాదు సార్?"

"దీన్ని చూసే ఆస్పత్రి ఖతార్‌లో ఎక్కడుంది దిల్షాద్? నేనే ఏదో చేసుకోవాలి."

రావు ఇంట్లో విజిట్ వీసా మీద వచ్చిన ముసలావిడ ఉన్నట్టు దిల్షాద్‌కి తెలుసు. హెల్త్ కార్డు లేక ఆస్పత్రికి తీసుకుపోవడం లేదు కాబోలనుకున్నాడు. అత్తగారిని పట్టుకుని 'దీన్ని' అన్నందుకు నొచ్చుకున్నాడు గాని, బాధలో ఉన్న మనిషి నోరు జారుతుందని సరిపెట్టుకున్నాడు. సెట్టు ఇచ్చి, రెండు సూదులు కూడా ఇచ్చాడు. టీ వేళకి ఆ వార్త డిపార్ట్‌మెంటంతా తెలిసింది.

గురువారం బుర్హానుద్దీన్ దంపతులు సాయంత్రం విమానానికి దిగుతారు. ఆ పొద్దున రావు ప్లాంటుకి ఫోను చేసి సెలవు పెట్టాడు. పరిస్థితి బాగాలేదు, పక్కనే ఉండాలి అన్నాడు. మేనేజరు ఎందుకని అడగలేదు, "తప్పకుండా" అన్నాడు. రావు తొట్టి పైన గోడకు మేకు కొట్టి, సీసా నిండా సున్నపు తేట పోసి తగిలించాడు. నిమిషానికి ఇరవై చుక్కలు పడేలా గొట్టం బిగించి, గంటసేపు కాపలా కూర్చుని, స్నానానికి కిందికి దిగాడు.

అల్లుడికి తోడుగా కాసేపు కూర్చుందామని రామసుబ్బమ్మ పైకి వచ్చింది. ఒక్కో చుక్కా ఆగి ఆగి పడుతుంటే చూసింది. గొట్టంలో ఏదో అడ్డుపడిందనుకుంది. పాపం, ఆ జీవానికి మందు అందడం లేదని జాలిపడి, గొట్టం మీది చక్రాన్ని ఆ కొస నుంచి ఈ కొసకు తిప్పేసింది.

రావు తల తుడుచుకుంటూ వచ్చేసరికి సీసా ఖాళీ. తేటలో మిగిలి అడుగున పేరిన మడ్డి కూడా దిగిపోయింది. తొట్టి నీళ్ళు పాలలా తెల్లబారాయి. చేపలు రెండూ పైకి వచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి.

"బాగా దిగింది నాయనా" అంది రామసుబ్బమ్మ తృప్తిగా.

రావు కిందికి పరుగెత్తి ప్లాంటులో పికప్ నడిపే నర్సింలుకి ఫోను చేశాడు. "నర్సింలూ, అల్ ఖోర్ వైపు ఒడ్డున నాలుగు డబ్బాలు శుభ్రమైన సముద్రపు నీళ్ళు పట్టుకుని మా ఇంటికి రా. యల్లా, తొందరగా! ఆలస్యమైతే ఇక లాభం లేదు" అని పైకి వెళ్ళిపోయాడు.

ఐదు నిమిషాలకు ఫోను మోగింది. రావుతో పాటు పనిచేసే గురుప్రసాద్. ఇందిరాదేవి ఎత్తింది.

"ఇప్పుడెలా ఉందండీ?" అని మెల్లగా అడిగాడు.

"ఏం చెప్పమంటారు? తెల్లగా పాలిపోయింది. కదలికే లేదు. ఆయన పక్కనే కూర్చున్నారు, పలకరించినా పలకడం లేదు" అంది.

గురుప్రసాద్ ఫోను పెట్టేసరికి నర్సింలు గేటు పాసు కోసం ఎదురుగా నిలబడి ఉన్నాడు. "సార్, సముద్రం నీళ్ళు తెమ్మన్నడు రావు సారు. నాలుగు డబ్బాలు" అన్నాడు. గురుప్రసాద్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఇక్కడ గంగ ఎక్కడిది, చివరి స్నానానికి సముద్రమే గతి అనుకున్నాడు. వెంటనే రావు పేరు మీద తానే సెలవు అర్జీ రాసి మేనేజరు చేత సంతకం చేయించాడు.

మూడు గంటలకు నర్సింలు పికప్ భవనం ముందు ఆగింది. వెనక రెండు కార్లు. గురుప్రసాద్, దిల్షాద్, ఇంకో అరడజను మంది తలలు వంచుకుని మెట్లెక్కారు. రోగిని చూడడానికని ముందే కొన్న ఆపిల్ పళ్ళ సంచీని ఏం చెయ్యాలో తెలియక దిల్షాద్ వెంట తెచ్చాడు. పై వాటా తలుపు తీసి ఉంది. లోపల మేకుకు ఖాళీ సెలైన్ సీసా వేలాడుతోంది. దాని కింద రావు మోకాళ్ళ మీద తల పెట్టుకుని కూర్చున్నాడు. గురుప్రసాద్ పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేశాడు.

"ధైర్యంగా ఉండాలి రావుగారూ. బాధపడకుండా పోవడం కూడా అదృష్టమే."

"ఇంకా పోలేదండీ" అన్నాడు రావు తలెత్తకుండా. "నీళ్ళు మారిస్తే బతకొచ్చు."

అప్పుడే రామసుబ్బమ్మ కాఫీ గ్లాసుతో లోపలి గదిలోంచి వచ్చింది. గదినిండా నిలబడ్డ మనుషుల్ని చూసి, వాళ్ళ ముఖాలు చూసి, బుగ్గన చెయ్యి పెట్టుకుంది.

"ఇంతమంది వచ్చారే! ఎవరు నాయనా పోయింది?"

దిల్షాద్ చేతిలోంచి సంచీ జారి ఆపిల్ పళ్ళు హాలంతా దొర్లాయి. నర్సింలు గుమ్మంలోంచి, "సార్, నీళ్ళు దెచ్చిన. యాడ వొయ్యాలె?" అన్నాడు. దుఃఖించడానికి వచ్చినవాళ్ళు ఆ మాటతో ఊపిరి పీల్చుకున్నారు. మెట్ల మీద వరుసగా నిలబడి డబ్బాలు పైకి అందించారు. తెల్లనీళ్ళు బకెట్లతో తోడి, సముద్రపు నీళ్ళు కొంచెం కొంచెంగా పోశారు. నాలుగో డబ్బాకి నీరు మసకగా తేరింది. చేపలు కిందికి దిగాయి. పగడం మాత్రం ముద్దలాగే ఉంది.

ఆ స్థితిలో గుమ్మంలో బుర్హానుద్దీన్ కనబడ్డాడు. ఆయన చెయ్యి పట్టుకుని మాబున్నీసా. బాగా చిక్కిపోయింది. బయట గుట్టగా చెప్పులు, లోపల తడిసిన బట్టలతో పదిమంది. ఆమె నేరుగా వచ్చి తొట్టి ముందు కుర్చీలో కూర్చుంది. రావు చేతులు కట్టుకుని బ్రష్ దగ్గర నుంచి సీసా దాకా ఒక్కటి దాచకుండా చెప్పాడు.

"మేత ఎన్నిసార్లు వేశారు భాయీ?"

"పొద్దున ఒక్కసారే అమ్మా. చిటికెడు."

"మీరు డ్యూటీ హడావిడిలో మరిచిపోతారని నేనూ మధ్యాహ్నం వేస్తున్నాను" అంది ఇందిరాదేవి నెమ్మదిగా.

"సాయంత్రం నేను గుప్పెడు మరమరాలు వేస్తన్నా" అంది రామసుబ్బమ్మ. "ఎవరూ పెట్టడం లేదనుకున్నా."

మాబున్నీసా రావు వైపు తిరిగింది. "చేపలు తినగా మిగిలింది పాచి తిన్నది భాయీ. మేత తగ్గిస్తే అదే పోతుంది. పగడానికి మాత్రం ఏం జబ్బు లేదు. రెండు మూడు నెలలకోసారి ఇట్లాగే ముడుచుకుని, పైపొర పాము కుబుసం లాగా విడుస్తుంది. వారం పది రోజులు పడుతుంది. అప్పుడేం చెయ్యకుండా ఉండాలి. అదే మీకు చెప్పించాను."

ఆమె తొట్టి అద్దం మీద చెయ్యి ఆనించింది.

"ఆపరేషన్ ముందు రోజు పడుకుని, నేను తిరిగి రాకపోతే దీన్ని ఎవరు చూస్తారని ఏడ్చాను" అంది. "ఇంతమంది చూస్తారని తెలియదు."

గురుప్రసాద్ దొర్లిన ఆపిల్ పళ్ళు ఏరి ఆమె ఒడి దగ్గర పెట్టాడు. బుర్హానుద్దీన్ అందరికీ చాయ్ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళాడు. మరుసటి గురువారానికి పగడం కుబుసం విడిచి వేళ్ళన్నీ చాచింది.

అంతకు ముందే, ఆ గొడవైన రెండు రోజులకు, శనివారం రావు ఆఫీసుకు వెళ్ళేసరికి బల్ల మీద కాగితం ఉంది: అత్తగారి మరణం కారణంగా మూడు రోజుల సెలవు మంజూరు. రద్దు చేయమని అడిగితే, మంజూరైన సెలవు రద్దుకు ఫారం లేదన్నారు. ఆ మూడు రోజులూ వేణుగోపాలరావు ఇంట్లో అత్తగారికి తమలపాకులు తుడిచి ఇస్తూ గడిపాడు.