ఊరుకోని చెయ్యి

ఆ పొద్దున చేయాల్సిన పని ఒక్కటే, ఏమీ చేయకపోవడం. సరస్సు ఒడ్డున స్నేహితుడి ఇంటి వరండాలో ఉయ్యాల బల్ల మీద కూర్చోవాలి. నీళ్ళకేసి చూడాలి. కాఫీ వస్తే తాగాలి. అది ఎలా చేయాలో భార్య ముందురోజే విడమరిచి చెప్పింది. అయినా ఇంజనీరు ముళ్ళ మీద కూర్చున్నట్టే కూర్చున్నాడు.

ఆయన మంచినీళ్ళ ఆఫీసులో ఇంజనీరు. ఈ ఏడాది చివర రిటైరవుతాడు. ఇంకో రెండేళ్ళు ఉండమని ఆఫీసు అడిగింది. ఆయనకు ప్రాణం లేచొచ్చింది. ఊళ్ళు తిరుగుదామని ఎన్నాళ్ళుగానో అనుకుంటున్న ఆవిడ ప్రాణం మాత్రం ఉసూరుమంది. చివరికి ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు.

"ఈ సెలవుల్లో మూడు రోజులు పానా ముట్టకుండా మనిషిలా కూర్చోండి. కూర్చుంటే ఆ రెండేళ్ళూ మీవి. ముట్టారా, ఉద్యోగానికి దణ్ణం పెట్టి నాతో రండి" అంది ఆవిడ.

అంటే, పనికి వెళ్ళాలంటే పని లేకుండా ఉండగలనని నిరూపించుకోవాలన్నమాట. ఆయన ఫోను ఆవిడ చేతిసంచిలోకి చేరింది. పానాల సంచి ఇంట్లోనే ఉండిపోయింది. మొదటి రోజు, ఆయన లెక్క ప్రకారం, బ్రహ్మాండంగా గడిచింది.

రెండో రోజు పొద్దున్నే వినిపించింది. టప్. కాస్త ఆగి, మళ్ళీ టప్. మేడ మీద స్నానాల గదిలో కుళాయి కారుతోంది. మిగతావాళ్ళకు అది వినిపించను కూడా లేదు. ఆయనకు మాత్రం చెవిలో జోరీగ అయి కూర్చుంది.

"ఒరేయ్, పైన కుళాయి కారుతోందిరా" అన్నాడు ఇంటి యజమానితో. అతణ్ణి అందరూ షావుకారు అంటారు. చదువుకునే రోజుల్లో ఎవరికీ ఒక్క టీ అయినా ఇప్పించనందుకు వచ్చిన బిరుదు అది.

"అది కొన్నప్పటి నుంచీ కారుతోంది. బాగు చేయిస్తే డబ్బులు దండగ. నీకెందుకు, కాఫీ తాగు" అని షావుకారు పేపరు మొహం మీద కప్పుకుని కునుకు తీశాడు.

ఆడవాళ్ళు ఒడ్డు వెంట నడవడానికి వెళ్ళారు. మరో స్నేహితుడు, పళ్ళ డాక్టరు, కింద స్నానాల గదిలో దూరాడు. ఇంజనీరు వరండాలో కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. లోపలి వాషరు ఒకటి మారిస్తే చాలు. పానా ముట్టనని మాటిచ్చాడు గాని పటకారు ముట్టనని అనలేదు కదా. డాక్టరు తన పళ్ళు పీకే పటకారు లేకుండా ఎక్కడికీ కదలడు. సెలవులకైనా సరే, అది కారులో ఉండాల్సిందే.

కుళాయి విప్పాలంటే ముందు నీళ్ళు ఆపాలి. ఇంటి వెనక ఉన్న వాల్వు ఎవరూ ముట్టక తుప్పు పట్టి ఉంది. డాక్టరు కారులోంచి తెచ్చిన పటకారుతో పట్టి తిప్పాడు. కదల్లేదు. ఊపిరి బిగబట్టి ఇంకోసారి తిప్పాడు. వాల్వు పూర్తిగా మూసుకుంది, ఆ వెంటనే పిడి విరిగి చేతిలోకి వచ్చింది. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా తెచ్చుకున్నానని ఆయనకు అర్థమైంది. పిడినీ పటకారునీ జేబులో కుక్కుకుని, వరండాలోకి వచ్చి తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. పైన చప్పుడు ఆగిపోయింది. అంత కంగారులోనూ ఆయనకు కాస్త హాయిగా అనిపించింది.

"నీళ్ళేవిరా?" లోపల్నుంచి డాక్టరు గొంతు. "తలంతా సబ్బు. కళ్ళు మండిపోతున్నాయి."

షావుకారు లేచి వెళ్ళి, వంటింట్లో కుళాయి తిప్పి చూసి వచ్చాడు. "చుక్క లేదు. ఏమైందంటావ్?"

"ఎక్కడో పెద్ద పైపు పగిలుంటుంది. సాయంత్రం దాకా రావు" అన్నాడు ఇంజనీరు, ఆఫీసు గొంతుతో.

డాక్టరు తువ్వాలు చుట్టుకుని, కళ్ళు మూసుకుని, తడుముకుంటూ సరస్సులోకి దిగాడు. తల నిండా నురగతో, చేతులు చాచుకుని నీళ్ళలోకి నడుస్తున్న మనిషిని ఒడ్డున ఉన్న ఆడవాళ్ళు చూశారు. ఏ అఘాయిత్యం చేసుకుంటున్నాడోనని పరుగున వచ్చారు. సంగతి తెలిశాక డాక్టరు భార్య అతన్ని అక్కడే నాలుగు చీవాట్లు పెట్టింది.

ఇంతలో షావుకారు గోడ మీంచి తొంగి చూశాడు. "పక్కింటి తోటలో నీళ్ళు చిమ్ముతూనే ఉన్నాయే?"

"వాళ్ళది వేరే లైను."

"వాళ్ళకో లైనూ, నాకో లైనూనా? బిల్లు ఒకటే కడుతున్నాం కదా. ఉండు, నీళ్ళ ఆఫీసుకి ఫోను చేసి అడుగుతాను."

"సెలవు రోజు ఎవరూ ఎత్తరు, వదిలెయ్."

ఎత్తారు. షావుకారు పావుగంట పోట్లాడి, విజయగర్వంతో ఫోను పెట్టేశాడు. "మా ఇంజనీరు ఒకాయన అటువైపే ఉన్నారు, ఆయనకి చెప్తాం అన్నారు."

అప్పుడే వరండా మెట్లెక్కుతున్న భార్య చేతిసంచిలో ఫోను మోగింది. ఫోను ఆయన చేతికివ్వడం ఇష్టం లేక ఆవిడ స్పీకరు పెట్టింది.

"సార్, సెలవులో ఇబ్బంది పెడుతున్నాను" అన్నాడు ఆఫీసు కుర్రాడు. "మీకు దగ్గర్లోనే ఒక కంప్లైంటు. లైను బాగానే ఉంది సార్. ఎవడో తెలిసీ తెలియని మొద్దు ఇంటి వాల్వు తిప్పి విరగ్గొట్టుంటాడు. ఒకసారి చూస్తారా?"

అందరూ ఇంజనీరు వైపు చూశారు. ఆవిడ ఆయన జేబు వైపు చూసింది. పటకారు పళ్ళికిలిస్తోంది.

"నాదేనా అది?" అన్నాడు తువ్వాలులో ఉన్న డాక్టరు.

ఇంజనీరు రెండూ తీసి బల్ల మీద పెట్టాడు. చిన్నపిల్లాడిలా ఏడుపొచ్చింది ఆయనకు. "ఓడిపోయాను. ఆఫీసుకి రానని చెప్పేస్తాను. నువ్వు ఎక్కడికంటే అక్కడికి వస్తాను."

ఆవిడ ఫోను కట్టేసి చేతిసంచిలో పడేసింది.

"నిన్న ఏం చేశారో గుర్తుందా?" అంది. "ఉయ్యాల కిర్రుమంటోందని నన్ను నాలుగుసార్లు లేపారు. వంటింట్లో గిన్నెలన్నీ సైజు ప్రకారం సర్దితే, వదినగారికి మధ్యాహ్నం దాకా గరిటె దొరకలేదు. నేను నిద్రపోతుంటే ఊపిరి సమంగా రావడం లేదని తట్టి లేపారు. ఇదంతా ఒక్కరోజులో. మీరు నాతో పాటు ఊళ్ళు తిరిగితే నేను బతికి ఇంటికి రాను. ఆఫీసుకి సరేనని చెప్పండి. రెండేళ్ళు కాదు, ఐదేళ్ళు అడగండి."

గెలిచానో ఓడానో ఇంజనీరుకు అంతుపట్టలేదు. మనసు చివుక్కుమంది. అంతకు రెట్టింపు సంతోషమూ వేసింది. చెయ్యి దానంతటదే పటకారు మీదికి పోయింది.

"హమ్మయ్య" అన్నాడు షావుకారు. "అయితే వీడి చేత ఆ వాల్వేదో బాగు చేయించమ్మా. ఇల్లంతా చుక్క నీళ్ళు లేవు."

ఆవిడ పటకారు తీసి డాక్టరు చేతికిచ్చి, ఉయ్యాల బల్ల మీద ఆయన పక్కన కూర్చుంది.

"ఎల్లుండి చూద్దాం అన్నయ్యగారూ. ఈయన సెలవులో ఉన్నారు."